తొమ్మిది నిమిషాలని రాసింది నేనే

కృష్ణా డెల్టాలో ఒక నాలుగేళ్ళ పాటు జనం రక్తపోటు చాలా బాగుండేది. గుండె పట్టుకుని కూలబడ్డవాడికి నూట ఇరవై బై ఎనభై. తాటిచెట్టు మీంచి పడ్డవాడికీ అంతే. కాన్పు నొప్పులతో కేకలు పెడుతున్న ఆవిడకీ అంతే. ఈ సంగతి నాకు కచ్చితంగా తెలుసు. ఆ నాలుగేళ్ళూ విజయవాడలో అంబులెన్సు టెక్నీషియన్‌గా ఉండి, ఆ అంకెలన్నీ ఫారాల్లో నింపింది నేనే.

తర్వాత చాలా ఏళ్ళు వైద్య పరిశోధనలో ఉన్నాను. పేరు ముందు డాక్టర్ అని చేరింది. అది పీహెచ్‌డీ డాక్టరని భవానీపురంలో మా వీధివాళ్ళకు ఇప్పటికీ నమ్మకం కుదరలేదు. జ్వరమొస్తే మా గేటు తడతారు. "మందు రాయడం నాకు రాదండీ" అంటే, "పెద్ద డాక్టర్లు అంతేనండీ, ఊరికే మందులు రాయరు" అని మెచ్చుకుని వెళ్తారు.

పోయినేడు రిటైరయ్యాను. ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు అప్పుడప్పుడూ ఫోన్ చేసి, పైకి రావడమెలాగో చెప్పమంటారు. ఆ విషయంలో నాకు పెద్ద అనుభవం లేదు. తప్పులెలా జరుగుతాయో అడిగితే మాత్రం గంటలకొద్దీ చెప్పగలను. ఇక్కడ ఒక్క తప్పు గురించే రాస్తున్నాను. మిగతావి చదివితే మీరు ఈ ఉద్యోగానికే రారు.

ఖాళీ గడి ఉండకూడదు

మాది పెడన దగ్గర మగ్గాల ఇల్లు. డిగ్రీ చదివి, వన్ టౌన్‌లో ఒక రక్తపరీక్షల ల్యాబులో పదేళ్ళు సూదులు గుచ్చాను. ముప్ఫయ్యారేళ్ళ వయసులో అంబులెన్సు ఉద్యోగం వచ్చింది. అన్నిటికీ ఆలస్యంగా వచ్చే మనిషిని అంబులెన్సులో పెట్టుకోవడం వాళ్ళ ధైర్యమనే చెప్పాలి.

నా బండి నడిపింది కోటేశ్వరరావు. మా దగ్గర డ్రైవరును పైలట్ అనేవాళ్ళు. "గాల్లో ఎగిరేది మీరూ, వెనకున్న పేషెంటేనమ్మా, నేను నేల మీదే ఉంటాను" అనేవాడాయన. నేను బాబాయ్ అని పిలిచేదాన్ని. నన్ను రత్నం అనేవాడు. నా పూర్తి పేరు రత్నకుమారి.

ప్రతి కేసుకూ ఒక ఫారం ఉండేది. నాడి, రక్తపోటు, శ్వాస, ఫోన్ వచ్చిన టైము, చేరిన టైము, ఆసుపత్రిలో దింపిన టైము. వారానికొకసారి సూపర్‌వైజర్ వచ్చి ఆ ఫారాలు తిరగేసేవాడు. రోగులు ఎలా ఉన్నారని ఆయన ఎప్పుడూ అడగలేదు. "ఖాళీ గడి ఉండకూడదండీ" అనే ఒక్క మాట మాత్రం మానలేదు. గతుకుల్లో ఎగురుతున్న బండిలో, ఒక చేత్తో సెలైన్ సీసా, ఇంకో చేత్తో రోగి తల పట్టుకుని రక్తపోటు చూడడం నాకెప్పుడూ కుదిరేది కాదు. కేసు అయ్యాక బెంజ్ సర్కిల్ దగ్గర టీ తాగుతూ తీరిగ్గా ఫారం నింపేదాన్ని. రోగి బతికి ఉంటే నూట ఇరవై బై ఎనభై. బాగా సీరియస్ అనిపిస్తే నూట పది బై డెబ్భై. అది నా నిజాయితీ.

ఇందులో తప్పుందని అప్పట్లో అనిపించలేదు. ఆ కాగితాలు ఎవరు చదువుతారులే అనుకున్నాను. పదేళ్ళ తర్వాత నేనే చదువుతానని తెలిస్తే కొంచెం శ్రద్ధగా అబద్ధాలు రాసేదాన్ని.

వన్ టౌన్ సందులో

ఒక మధ్యాహ్నం వన్ టౌన్‌లో బట్టల గోడౌన్ నుంచి ఫోన్ వచ్చింది. గుమస్తా ఒకాయన ఛాతీ నొప్పితో పడిపోయాడు. ఎనిమిది నిమిషాల్లో సందు మొదట్లోకి వెళ్ళిపోయాం. బండి ఆగగానే బాబాయ్ 'చేరాం' అనే మీట నొక్కాడు. కంట్రోల్ రూంలో మా టైము నమోదైపోయింది.

కానీ ఆ సందులోకి అంబులెన్సు పట్టదు. ఎదురుగా ఆటోలు, తోపుడు బళ్ళు, బేళ్ళు దింపుతున్న హమాలీలు. ఆక్సిజన్ సిలిండరు భుజాన వేసుకుని పరిగెత్తాను. గోడౌన్ వెనకవైపు, రెండో అంతస్తు, నిచ్చెనలాంటి మెట్లు. పైకెక్కి సిలిండరు దింపాక చూసుకుంటే, దాని వాల్వు తిప్పే తాళంచెవి బండిలోనే ఉండిపోయింది.

రొప్పుతూ ఆ పెద్దమనిషి ముఖం వంక చూశాను. చెమటలు కారుతున్న ఆయన నా ముఖం చూసి, "కూర్చోండమ్మా, ముందు మంచినీళ్ళు తాగండి" అన్నాడు.

తాళంచెవి కోసం మళ్ళీ కిందికి పరిగెత్తాను. నేను వచ్చేలోపు హమాలీలు నలుగురు ఆయన్ని దుప్పట్లో మోసుకొచ్చి, తోపుడు బండి మీద పడుకోబెట్టి, సందంతా దద్దరిల్లేలా అరుస్తూ మా దాకా తెచ్చేశారు. ఆయన బతికాడు. ఆ ఘనతలో నా వాటా చాలా తక్కువ.

ఆ రోజు ఫోన్ వచ్చినప్పటి నుంచి ఆయనకు ఆక్సిజన్ అందేదాకా అరగంట పైన పట్టింది. ఫారంలో ఎనిమిది నిమిషాలని ఉంది. ఆ అంకె రాసేటప్పుడు నా చెయ్యి ఆగలేదు. బండి చేరిందా? చేరింది. గడిలో అడిగింది అదే కదా అనుకున్నాను.

నా అందమైన గ్రాఫు

నాలుగేళ్ళకు నడుం నొప్పి మొదలై అంబులెన్సు మానేశాను. మళ్ళీ చదువుకుని, ప్రజారోగ్య పరిశోధన చేసే ఒక సంస్థలో చేరాను. మా పై అధికారి డాక్టర్ అనసూయ గారు. తక్కువ మాట్లాడేవారు. నేను రాసిన పేజీల్లో 'చాలా', 'ఎంతో' లాంటి మాటలన్నీ కొట్టేసి, మిగిలిన రెండు వాక్యాలు నా చేతిలో పెట్టేవారు.

కొన్నేళ్ళకు నాకు ఒక పెద్ద పని అప్పగించారు. డెల్టాలో అంబులెన్సులు ఎక్కడెక్కడ ఉండాలో తేల్చాలి. కొత్త బళ్ళు రావు. ఉన్నవాటినే అవసరాన్ని బట్టి అటూ ఇటూ సర్దాలి. వేల ఫారాలు కంప్యూటర్లో ఎక్కించి, నెలల తరబడి కూర్చున్నాను. చివరికి ఒక గ్రాఫు వచ్చింది. ఎంత అందంగా వచ్చిందంటే, దాన్ని ఫోన్‌లో వాల్‌పేపర్‌గా పెట్టుకున్నాను. మావారు దాన్ని చూసి, "మీ ఆఫీసులో ఎవరికైనా జ్వరమా?" అని అడిగారు.

అందులో ఒక విశేషం కనబడింది. దివిసీమ వైపు, నది పాయల మధ్య ఉన్న ఒక లంక గ్రామానికి అంబులెన్సు మామూలుగా తొమ్మిది నిమిషాల్లో చేరిపోతోంది. హైవే పక్కనున్న ఊళ్ళకే అంతకంటే ఎక్కువ పడుతోంది. ఆ లంక పేరు ఇక్కడ రాయను. అక్కడివాళ్ళు నన్ను క్షమించి ఊరుకున్నారు, మళ్ళీ గుర్తుచేయడం దేనికి? అంత బాగా అందుతున్న చోట బండి ఉంచడం దండగ, దాన్ని హైవే మీదికి మార్చవచ్చు, లంకకు పక్క స్టేషన్ బండి సరిపోతుంది అని నివేదికలో రాశాను.

అనసూయ గారు చదివి ఒకే ప్రశ్న వేశారు. "ఆ ఊరు నువ్వు చూశావా?"

"డేటా చూశానండీ."

ఆవిడ సంతకం పెట్టారు. ఆవిడంటే నాకు ఎంతో గౌరవం. అయినా అక్కడ ఆవిడ తప్పూ ఉంది. అడగాల్సిన ప్రశ్న అడిగి, రాని జవాబుతో సరిపెట్టుకున్నారు. నా తప్పు అంతకంటే పెద్దది. 'చేరిన టైము' అనే గడిలోకి అంకె ఎలా వస్తుందో ఆ గదిలో తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. వన్ టౌన్ మెట్ల మీద నా సొంత కాళ్ళతో పరిగెత్తినదాన్ని. ఎవరు చదువుతారులే అనుకుంటూ అబద్ధాలు రాసిన మనిషే, కంప్యూటర్ ముందు కూర్చోగానే అవే అంకెల్ని కళ్ళకద్దుకుంది.

రేవు దగ్గర

నివేదిక కమిటీ చేతికి వెళ్ళింది. బండి మార్చడం దాదాపు ఖాయమైంది. అప్పుడు ఎన్నో ఏళ్ళ తర్వాత కోటేశ్వరరావు బాబాయ్ ఫోన్ చేశాడు.

"రత్నం, బాగున్నావా అమ్మా? నేనిప్పుడు దివిసీమలో చేస్తన్నాలే. మా బండి ఎత్తేస్తన్నారంట. ఎవరో పెద్ద డాక్టరు లెక్కలేసి రాశారంట. నీకు ఆఫీసుల్లో తెలిసినోళ్ళు ఉంటారు కదా, ఆయన ఎవరో కనుక్కుని ఒక మాట చెప్పగలవా?"

"ఆ డాక్టరు నేనే బాబాయ్."

"అయితే ఇంకా మంచిదేగా. ఒకసారి వచ్చి చూసిపో" అన్నాడు. ఆ గొంతులో ఎత్తిపొడుపు ఉంటే ఓర్చుకునేదాన్ని. లేదు.

రెండు రోజుల తర్వాత పొద్దున్నే వెళ్ళాను. నిజం చెప్పాలంటే, నివేదిక అట్ట మీదికి నది ఫోటో ఒకటి దొరుకుతుందన్న ఆశ కూడా ఉంది. ఆ రోజు టెక్నీషియన్ సెలవు. బదులు రావాల్సిన మనిషి ఇంకా బస్సులోనే ఉన్నాడు. మేం టిఫిన్ చేస్తుండగా లంక నుంచి ఫోన్ వచ్చింది. అరటితోటలో ఆకులు కోస్తున్న మంగమ్మ అనే ఆవిడను తాచు కరిచింది.

బాబాయ్ నా వైపు చూశాడు. "ఎక్కు" అన్నాడు.

కరకట్ట మీద బండిని పరిగెత్తించాడు. రేవు దగ్గర ఆపి మీట నొక్కాడు. వాచీ చూసుకున్నాను. సరిగ్గా తొమ్మిది నిమిషాలు. నా గ్రాఫు నిజమే. ఎదురుగా నది, నదికి అవతల లంక.

"ఇప్పుడు?" అన్నాను.

"ఇప్పుడు పడవ రావాలి" అన్నాడు బాబాయ్.

పడవ అవతలి ఒడ్డున ఉంది. కేకలేస్తే వచ్చింది. ఇంజను రెండుసార్లు మొరాయించింది. అవతల దిగాక మోకాలి లోతు బురద, ఆ తర్వాత అరటితోటల మధ్య గట్టు మీద నడక. మందుల సంచి భుజాన వేసుకుని, ఆఫీసు చెప్పులతో రెండుసార్లు జారిపడ్డాను. మా పాత రోజుల్లోలాగే సంచి పట్టుకుని పరిగెత్తగలనని నాకో భ్రమ ఉండేది. అది అక్కడే గట్టు మీద పోయింది.

మేం మంగమ్మ దగ్గరికి చేరేసరికి ఫోన్ వచ్చి యాభై నిమిషాలు దాటింది. నలభై ఏళ్ళ మనిషి. నులక మంచం మీద ఉంది. కనురెప్పలు వాలిపోయాయి, మాట లేదు, గొంతులో గురక. విషం నరాలకెక్కి ఊపిరి కండరాలు ఆగిపోతున్నాయి. ఆసుపత్రిలో విరుగుడు పడేదాకా ఆమెకు బదులు ఇంకెవరైనా ఊపిరి తీయాలి. సంచిలోంచి అంబు బ్యాగు తీశాను. ముఖానికి మాస్కు ఆనించి చేత్తో నొక్కితే ఊపిరితిత్తుల్లోకి గాలి వెళ్ళే రబ్బరు తిత్తి అది. దాన్ని పట్టుకుని ఎన్నేళ్ళయిందో! మొదట మాస్కు సరిగ్గా ఆనక గాలంతా పక్కకు పోయింది. బాబాయ్ ఆమె గడ్డం పట్టి పైకెత్తాడు. అప్పుడు ఛాతీ లేచింది.

ఊరివాళ్ళు ఆమెను మంచంతో సహా పడవలోకి ఎక్కించారు. నొక్కుతూనే ఉన్నాను. బురదలో, పడవలో, బండిలో, ఆసుపత్రి గేటు దాకా. నా వేళ్ళు మొద్దుబారాక మంగమ్మ భర్త నరసయ్య కాసేపు నొక్కాడు. ఆయన చేతులు నావాటికంటే నిలకడగా ఉన్నాయి.

ఆసుపత్రిలో లోపలికి తీసుకున్నారు. వరండాలో బల్ల మీద కూర్చుని, నరసయ్యను ఏదో ఒకటి అడగాలి కాబట్టి అడిగాను. "చాలా ఆలస్యమైపోయింది కదండీ?"

"అబ్బే, లేదమ్మా" అన్నాడాయన. "ఇవ్వాళ తొందరగానే వచ్చారు. మా అన్నకి ప్రాణం మీదికొచ్చినప్పుడు పడవే దొరకలా."

ఆయన నన్ను ఓదార్చాలనే అన్నాడు. నేను లేచి గోడవైపు తిరిగి నిలబడ్డాను.

మంగమ్మ నాలుగో రోజున కళ్ళు తెరిచింది.

అనసూయ గారి గదిలో

లంక నుంచి వచ్చిన మర్నాడే, బురద చెప్పులు మార్చుకోవడం మరిచిపోయి, అనసూయ గారి గదికి వెళ్ళాను.

"మేడం, నా నివేదిక తప్పు."

"ఎక్కడ?"

"'చేరిన టైము' అనే గడిలో. అది బండి ఆగిన టైము. మనిషి దగ్గరికి చేరినది కాదు."

"అన్ని ఫారాల్లోనూ అలాగే ఉంటుందని ఎలా చెప్తావు? ఆధారం ఉందా?"

"నేను నాలుగేళ్ళు అలాగే రాశానండీ" అన్నాను. ఎందుకో అక్కడితో ఆగలేక, రక్తపోటు సంగతి కూడా చెప్పేశాను.

ఆవిడ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. తిడతారనుకున్నాను. "నేను అడిగి వదిలేశాను" అన్నారు. "కమిటీకి ఇద్దరం వెళ్దాం. మొదట నువ్వు చెప్పు. నీకు తెలిసినట్టు నాకు తెలియదు."

కమిటీ గదిలో పదిమంది పెద్దవాళ్ళ ముందు నిలబడి, నేను చెప్పినదంతా తప్పని చెప్పడానికి పది నిమిషాలు కేటాయించారు. మూడు నిమిషాల్లో అయిపోయింది. తప్పు చెప్పుకోవడానికి ఎక్కువసేపు పట్టదు. ఒక అధికారి నవ్వాపుకోలేక, "అంటే డాక్టర్ గారూ, మీ పరిశోధనను మీ పాత ఉద్యోగమే దెబ్బకొట్టిందన్నమాట" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, వేరే దారి లేక. ఇంకో ఆయన మాత్రం నవ్వలేదు. "మరి హైవే ఊళ్ళ సంగతేమిటి? వాళ్ళూ మనుషులేగా?" అని అడిగాడు. దానికి నా దగ్గర ఇప్పటికీ పూర్తి జవాబు లేదు. బండి మారిస్తే ఏ ఊరికి ఎంత నష్టమో ఆఫీసులో కూర్చుని చెప్పలేనని మాత్రం ఒప్పుకున్నాను.

బండి దివిసీమలోనే ఉండిపోయింది. నివేదిక వెనక్కి తీసుకున్నాం. తర్వాత రెండేళ్ళు వాచీ పట్టుకుని అంబులెన్సుల వెంట తిరిగాను. మెట్లెక్కాను, సందుల్లో పడ్డాను, పడవల కోసం కేకలేశాను. కొత్త గ్రాఫు వంకరటింకరగా, చూడ్డానికి అసహ్యంగా వచ్చింది. ఈసారి వాల్‌పేపర్‌గా పెట్టుకోలేదు. ఫారంలో 'రోగి దగ్గరికి చేరిన టైము' అని ఒక కొత్త గడి మాత్రం చేరింది. నా వృత్తి జీవితంలో నేను సాధించినదేమిటని ఎవరైనా అడిగితే, ఆ గడిని వేలితో చూపిస్తాను. బొటనవేలంత ఉంటుంది.

లంకలో పాఠం

ఆ కొత్త పనిలో భాగంగా, పడవ వచ్చేలోపు చేయాల్సిన సాయం లంకవాళ్ళకే నేర్పాలని నిర్ణయించాం. ఒక అంబు బ్యాగు, మాస్కులు ఊళ్ళోనే ఉంచాం. నేర్పడానికి ఒక రబ్బరు బొమ్మను తీసుకుని వెళ్ళాను. బడి వరండాలో పదిహేనుమంది ఆడవాళ్ళు కూర్చున్నారు. ముందు వరసలో మంగమ్మ.

పాఠం అయ్యాక ఆమె నా పక్కకొచ్చి కూర్చుంది. "నాకు ఆ రోజు అన్నీ వినపడ్డాయండీ" అంది.

తాచు విషం కండరాల్ని పడగొడుతుంది గానీ, చాలాసార్లు తెలివి అలాగే ఉంటుంది. ఈ సంగతి నేను పుస్తకాల్లో చదివాను, ఒక వ్యాసంలో రాశాను కూడా. పడవలో ఉన్నప్పుడు మాత్రం గుర్తు లేదు.

"ఏం వినపడింది?" అని అడిగాను.

"పడవ నది మధ్యకొచ్చాక మీరు ఆ డ్రైవరు బాబుతో అన్నారుగా, 'ఈమె దక్కేట్టు లేదు బాబాయ్' అని. ఆయన, 'నోరు మూసుకుని నొక్కమ్మా' అన్నాడు."

ఆ మాట అన్నట్టు నాకు జ్ఞాపకం లేదు. కానీ నేను అలాంటి మాట అనగల మనిషినే. "నన్ను క్షమించమ్మా" అన్నాను. "బాగా కోపం వచ్చి ఉంటుంది."

"వచ్చింది. లేచి నాలుగు మాటలు అందామనుకున్నా. రెప్పలు లేస్తేగా!" అని పకపకా నవ్వింది. చుట్టూ ఉన్న ఆడవాళ్ళంతా నవ్వారు. వాళ్ళందరికీ ఈ కథ ముందే తెలుసని నాకు అప్పుడర్థమైంది.

తర్వాత బొమ్మ మీద చేసి చూపించడం మంగమ్మ వంతు. మాస్కు ఆనించింది. గడ్డం పైకెత్తింది. నేను చెప్పినదానికంటే నిదానంగా, తేలిగ్గా బ్యాగు నొక్కడం మొదలుపెట్టింది. బొమ్మ ఛాతీ లేచింది, దిగింది. అప్పుడామె ఆ రబ్బరు చెవి దగ్గరికి వంగి, "భయపడమాకమ్మా, నేనున్నా. ఒడ్డు కనపడతా ఉంది. ఇంక కాసేపే" అంది.

వరండాలో ఎవరూ నవ్వలేదు. నా శిక్షణ పుస్తకంలో ఆ మాట లేదు. పెన్ను తీసి, బ్యాగు నొక్కే పద్ధతి ఉన్న పేజీలో, మొదటి మెట్టుకు పైన రాసుకున్నాను.